కల్యాణ మండపంలో జారిపడి అమ్మ తుంటి విరిగింది, యజమానిని అడగొచ్చా?

గోదారిగట్టు: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరండి. పోయిన నెల్లో మావయ్య కూతురి పెళ్ళికెళ్ళాం. భోజనాలయ్యాక అమ్మ చెయ్యి కడుక్కోడానికి వెళ్ళింది. అక్కడ గచ్చు నిండా నీళ్ళు, సబ్బు నురగ. పైన లైటు లేదు. మెట్టు కనబడక పడిపోయింది. ఆపరేషన్ అయ్యింది గానీ ఇంకా మంచం దిగలేదు. మండపం ఆయన్ని అడిగితే "చూసుకుని నడవాలి కదమ్మా" అన్నారు. గోడ మీద "ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని రాసుంది కూడా. ఇప్పుడు పెద్దమనుషుల ద్వారా పదిహేను వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టండంటున్నారు. ఏం చెయ్యాలండి?

అంబాజీపేట తోట: సంతకం మాత్రం పెట్టకమ్మా. మా నాన్న ఒక దుకాణాల సముదాయంలో రెయిలింగ్ లేని మెట్ల మీంచి పడ్డారు. ఊళ్ళో గొడవెందుకని ఇరవై వేలు తీసుకుని "ఇకపై ఏమీ అడగం" అని రాసిచ్చేశాం. ఏడాది తిరక్కుండా రాడ్డు తీయడానికి రెండో ఆపరేషన్ పడింది. వెళ్ళి అడిగితే ఆ కాగితమే మా ముందు పెట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

భీమవరం జూనియర్ లాయర్: గోడ మీద రాసుకున్నంత మాత్రాన వాళ్ళ నిర్లక్ష్యం మాఫీ అవ్వదండి. డబ్బు తీసుకుని జనాన్ని రానిచ్చే చోట గచ్చు, మెట్లు, లైటు సరిగ్గా ఉంచడం వాళ్ళ బాధ్యత. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. అద్దె కట్టింది మీ మావయ్యగారే అయినా, ఆయన పిలిస్తే వచ్చి ఆ సేవ పొందిన అమ్మగారూ వినియోగదారే. ఘటన జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి. ఫీజు లెక్కకి చూసేది హాలుకి కట్టిన అద్దెని, మీరడిగే పరిహారాన్ని కాదు. అద్దె 5 లక్షలు దాటకపోతే ఫీజే లేదు. మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అమ్మగారిది కూడా కొంత పొరపాటుందని వాళ్ళు రుజువు చేసినా పరిహారం తగ్గుతుందంతే, హక్కు పోదు. అద్దె రసీదు మావయ్యగారి దగ్గర్నుంచి తీసుకుని దాచండి.

యానాం రోడ్డు: ఆసుపత్రి చీటీలో ఏం రాశారో ముందు అది చూడండి. మన దగ్గర పోలీసు కేసవుతుందని భయపడి "ఇంట్లో బాత్రూంలో జారిపడ్డారు" అని చెప్పేస్తారు. మా అత్తగారి విషయంలో మేమూ అదే చేశాం. తర్వాత ఎంత మంది సాక్ష్యం చెప్పినా ఎదుటివాళ్ళు ఆ ఒక్క ముక్కే పట్టుకున్నారు.

గోదారిగట్టు: అయ్యో, అక్కడ తమ్ముడున్నాడండి, ఏం చెప్పాడో అడగాలి.

భీమవరం జూనియర్ లాయర్: తప్పు రాసుంటే కంగారు పడకండి. ఎక్కడ, ఎలా పడ్డారో చూసినవాళ్ళ పేర్లతో సహా రాసి, మండపానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పెళ్ళి వీడియో తీసినవాళ్ళ దగ్గర ముడి ఫుటేజీ చెరిపెయ్యకముందే తెచ్చుకోండి. అందులో చేతులు కడిగే చోటు కనబడొచ్చు. లాయరుకి ఇచ్చుకోలేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం ఉంది.

లంకలో రైతు: కొంచెం వేరే సంగతండి. పక్కింటాయన కొబ్బరిచెట్టు మా వసారా మీదకి వాలిపోయింది, గాలొస్తే పిల్లల్ని లోపలికి తోలుకుంటున్నాం. పడేదాకా ఆగాలా?

భీమవరం జూనియర్ లాయర్: అక్కర్లేదండి. ఫోటోలు పెట్టి ఆర్డీవో గారికి అర్జీ ఇవ్వండి. కూలిపోయేలా ఉన్న చెట్టునీ గోడనీ తీయించమనో, ఊతం పెట్టించమనో ఆదేశించే అధికారం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఉంది.

గోదారిగట్టు: తమ్ముడు "పెళ్ళిలో పడింది" అనే చెప్పాడటండి, చీటీలో మండపం పేరు కూడా ఉంది. ఫోటోలాయనకి ఫోన్ చేశాను, ఎల్లుండి హార్డ్ డిస్కు ఇస్తానన్నాడు. సంతకం పెట్టబోమని పెద్దలకి చెప్పేశాం.