ప్లాటినం మీద హైడ్రోజన్ లెక్క కుదరడం లేదు, కాస్త చూడగలరా?

నమస్కారం అండీ. నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి ప్లాటినం బదులు చవకైన ఉత్ప్రేరకం కోసం ఎమ్మెస్సీ ప్రాజెక్టులో డీఎఫ్‌టీ లెక్కలు (ఎలక్ట్రాన్ల ప్రవర్తన నుంచి పదార్థం శక్తిని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి) కడుతున్నాను. మాలిబ్డినం డైసల్ఫైడ్ అంచులు ఈ పనికి పనికొస్తాయని 2005లో ఇలాంటి లెక్కలే చూపించాయి. అది చదివినప్పటి నుంచి ధ్యాసంతా దీని మీదే.

హైడ్రోజన్ మరీ గట్టిగా అంటుకుంటే విడిపోదు, అసలు అంటుకోకపోతే పనే మొదలవదు. కాబట్టి హైడ్రోజన్ అంటుకున్నప్పుడు వచ్చే ఫ్రీ ఎనర్జీ మార్పు సున్నా దగ్గర ఉండాలి. నా పద్ధతి సరైనదో కాదో తెలియాలని ముందు ప్లాటినం (111) తలమే (స్ఫటికాన్ని ఒక నిర్దిష్ట దిశలో కోస్తే వచ్చే ఉపరితలం) తీసుకున్నాను. దానికి సుమారు -0.09 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి.

క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే డీఎఫ్‌టీ సాఫ్ట్‌వేర్‌లో పీబీఈ (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని అంచనా వేసే ఒక సూత్రం), 2×2 సెల్ (పదేపదే వచ్చే ఉపరితల ముక్క), నాలుగు పొరలు (కింది రెండూ కదలకుండా బిగించాను), పైన 15 ఆంగ్‌స్ట్రామ్‌ల ఖాళీ. హైడ్రోజన్ అణువును విడిగా పెద్ద పెట్టెలో లెక్కించాను. జీరో పాయింట్ (పరమాణువుల కనీస కంపన శక్తి), ఎంట్రోపీల సవరణ కోసం 0.24 కలపడం మర్చిపోలేదు. అయినా కే-పాయింట్లు (ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కించడానికి ఎంచుకునే బిందువులు; ఎక్కువైతే కచ్చితత్వం పెరుగుతుంది) 4×4×1 పెడితే -0.31, 6×6×1 పెడితే -0.22 వస్తోంది. ఇంకా పెంచితే మా ల్యాబ్ కంప్యూటర్ మీద ఒక్కో లెక్కకు రాత్రంతా పడుతోంది. పొద్దున వచ్చి చూస్తే ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోయి ఉంటోంది.

కే-పాయింట్లు ఇంకా చాలకనా ఈ తేడా? లేక పీబీఈ హైడ్రోజన్‌ను ఎక్కువ గట్టిగా పట్టి చూపిస్తుంది కాబట్టి దాని సవరించిన రూపమైన ఆర్‌పీబీఈకి మారాలా? స్మియరింగ్ (లోహాల లెక్క తేలిగ్గా కుదరడానికి ఎలక్ట్రాన్ల నింపకాన్ని కాస్త పరచడం) వెడల్పు ఎంత పెడితే మంచిది? వచ్చే నెల రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. ప్లాటినం దగ్గరే తప్పితే సల్ఫైడ్ అంచుల లెక్కను నేనే నమ్మలేను. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి, ఇన్‌పుట్ ఫైలు కావాలంటే ఇక్కడే పెడతాను.