అక్క పెళ్లి వీడియో టీవీలో ఆగి ఆగి వస్తోంది, కొత్త బాక్స్ కొనాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన పెళ్లి వీడియో 4కె, రెండు గంటలు, 54 జీబీ. పాత ల్యాప్‌టాప్‌లో (ఐ3, 5వ తరం) జెల్లీఫిన్ (ఇంట్లోని వీడియోల్ని టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టి వైఫైలో టీవీకి పంపిస్తున్నాను. జీలకర్ర బెల్లం దగ్గరకొచ్చేసరికి బొమ్మ ఆగిపోతుంది, గుండ్రం తిరుగుతూ ఉంటుంది. పెళ్లికి రాలేకపోయిన అమ్మమ్మకి చూపించాలని నా తాపత్రయం. షాపతను టీవీకి తగిలించే 12 వేల స్ట్రీమింగ్ బాక్స్ కొనమంటున్నాడు. కొనమంటారా?

జవాబు:
ఇప్పుడే కొనకండి. 54 జీబీని రెండు గంటలకి లెక్కేస్తే సెకనుకి సుమారు 60 మెగాబిట్లు. అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అంత మోయలేకపోవచ్చు. అయినా ముందే వైఫైని అనొద్దు, ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టి చూడండి. డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. అలాగే జెల్లీఫిన్ డాష్‌బోర్డ్‌లో డైరెక్ట్ ప్లే (ఫైల్ ఉన్నదున్నట్టే పంపడం) అని ఉందా, ట్రాన్స్‌కోడింగ్ (వేరే రకానికి మార్చి పంపడం) అని ఉందా? మీడియాఇన్ఫో అనే, ఫైల్ వివరాలు చూపే ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి అందులో ఉన్నది ఇక్కడ పెట్టండి.

అడిగినవారు:
ట్రాన్స్‌కోడింగ్ అనే ఉంది అన్నా. పెన్‌డ్రైవ్‌లో పెడితే మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. మీడియాఇన్ఫోలో హెచ్.264, 10 బిట్, 4:2:2, 50 ఫ్రేములు.

జవాబు:
దొరికింది. ఆ 4:2:2 (రంగుల సమాచారం ఎంత రాశారో చెప్పే అంకె) వల్లే. ఎడిటింగ్‌లో రంగులు సవరించుకోవడానికి కెమెరాలు రంగుల సమాచారం ఎక్కువగా రాస్తాయి, మీ ఫోటోగ్రాఫర్ ఫైనల్ కూడా అలాగే తీసిచ్చారు. కానీ టీవీల్లో, ఇళ్లల్లో వాడే బాక్సుల్లో చిప్ దాదాపు ఎప్పుడూ రంగుల సమాచారం తక్కువుండే 4:2:0 కోసం చేసిందే, 4కె బ్లూరే డిస్కులు సైతం 4:2:0లోనే వస్తాయి. టీవీ చదవలేనంటే పాపం ఆ పాత ఐ3 అప్పటికప్పుడు మొత్తం మార్చి పంపాలి, 4కెలో సెకనుకి 50 ఫ్రేములు దాని వల్ల ఎక్కడవుతుంది? 12 వేలు పెట్టి ఆ బాక్స్ తెచ్చినా ఇదే తంటా ఉండే అవకాశం ఎక్కువ.

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో మీరే హెచ్.265 (హెచ్.264 లాగే వీడియోని కుదించే పద్ధతి), 10 బిట్‌కి మార్చుకోవచ్చు, అది 4:2:0లోకి వచ్చేస్తుంది. ఆర్ఎఫ్ (నాణ్యత సెట్టింగ్) 18 పెట్టండి, ఫ్రేమ్ రేటు మాత్రం సోర్స్‌లో ఉన్నట్టే ఉంచండి. మీ ల్యాప్‌టాప్‌కి రెండు మూడు రోజులైనా పట్టొచ్చు. అందుకే ముందు ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి "హెచ్.265, 4:2:0లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసివ్వండి" అని అడగండి. ఈ వారమే అడగండి, కొన్ని నెలలయ్యాక ప్రాజెక్ట్ చెరిపేసేవాళ్లున్నారు. ఇప్పుడున్న 54 జీబీ ఫైల్‌ని మాత్రం తీసేయకండి, అసలు కాపీ అదే.

మరొకరు:
ఒక మాట కలుపుతాను. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫంక్షన్ హాల్ లైట్లు మినుకుమినుకుమనకుండా చాలామంది 25 లేదా 50 ఫ్రేముల్లోనే తీస్తారు. బాక్సులేమో మామూలుగా 60 హెర్ట్జ్‌లో నిలబడి ఉంటాయి. అంటే 50 ఫ్రేముల వీడియోలో సెకనుకి పది ఫ్రేములు రెండుసార్లు చూపించాల్సి వస్తుంది, కెమెరా మండపం చుట్టూ తిరిగినప్పుడు సన్నగా కుదుపు తెలుస్తుంది. ఎప్పుడైనా బాక్స్ వాడితే సెట్టింగ్స్‌లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేయండి. టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీయే కల్పించడం) ఏ పేరుతో ఉన్నా ఆపేయండి, కదలికలు అసహజంగా కనిపించేది దానివల్లే.

అడిగినవారు:
ఫోటోగ్రాఫర్ దగ్గర ప్రాజెక్ట్ ఇంకా ఉందట, ఆదివారం ఇస్తానన్నారు! చాలా థ్యాంక్స్ అన్నా, మీ ఇద్దరికీ. ఇంకొక్కటి, అమ్మమ్మ వాళ్లింట్లో టీవీ పాతది, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ని గుర్తించట్లేదు.

జవాబు:
డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌కి మార్చి చూడండి. ఆ టీవీ 4కె కాకపోతే 1080పి, హెచ్.264, 8 బిట్‌లో ఇంకో కాపీ కూడా ఆయన్నే అడిగి తీసుకోండి, పాత టీవీల్లో అదే నమ్మకంగా ఆడుతుంది.