కాళ్లకు తెల్ల పట్టీలున్న దోమ: ఈడిస్ ఈజిప్టై జాతా, ఈడిస్ ఆల్బోపిక్టస్ జాతా?

ప్రశ్న: నిన్న పట్టపగలు చేతిమీద వాలిన దోమను కొట్టి భూతద్దం కింద పెట్టాను. నల్లటి ఒళ్లు, కాళ్లకు తెల్ల పట్టీలు. డెంగీ మోసే ఈడిస్ దోమల్లో ఇది ఈజిప్టై జాతో, ఆల్బోపిక్టస్ జాతో తేలడం లేదు.

జవాబు: కాళ్లు వదిలేయండి, రెంటికీ అంతే. వీపు చూడండి. నడిమధ్య ఒకే తెల్లగీత ఉంటే ఆల్బోపిక్టస్. రెండు పక్కలా కొడవళ్లలా వంగిన గీతలు, మధ్యలో సన్నటివి రెండు ఉంటే ఈజిప్టై.

అడిగినవారు: నా దెబ్బకి వీపుమీది పొలుసులన్నీ రాలిపోయాయండీ!

మరో జవాబు: అందుకే నేను కొట్టను, గ్లాసు బోర్లించి పట్టి ఫ్రీజర్‌లో పెడతాను. ఇంట్లోవాళ్లు తిడతారు, అది వేరే సంగతి. మీ దోమకి ముఖమైనా మిగిలిందా? తొండం మొదట్లో ఉండే చిన్న ఉబ్బుమీద తెల్ల పొలుసులుంటే ఆడ ఈజిప్టై. ఆల్బోపిక్టస్‌కి అక్కడ నలుపే. డెంగీ, చికున్‌గున్యా మాత్రం రెండూ మోస్తాయి.