35 రోజుల లాబ్రడార్ పిల్లను ఇంటికి తెచ్చుకోవచ్చా?

శ్రీనిధి: అమ్మకందారు వద్ద 35 రోజుల లాబ్రడార్ పిల్లలు సిద్ధంగా ఉన్నాయట. మాది చిన్నపిల్లలున్న అపార్ట్‌మెంట్ ఇల్లు. ఇప్పుడే తెచ్చుకోవచ్చా, వాటిలో దేనిని ఎంచుకోవాలి?

వేణు: వద్దండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. చట్టం సంగతి అటుంచినా, ఎంత గట్టిగా కొరికితే అవతలివారికి నొప్పి పుడుతుందో పిల్ల తెలుసుకునేది ఒకే ఈతలో పుట్టినవాటితో ఆడుకునేటప్పుడే. ఎంపికకు వెళ్లినప్పుడు ముందుగా తల్లిని చూడండి. బెదురు తల్లికి పుట్టినవాటిలోనూ ఆ బెరుకు కనిపించే అవకాశం ఎక్కువ.

రామారావు: మా రాజా నెల పిల్లగా వచ్చి, ముసలితనం దాకా ఇంట్లో ఎవరినీ కరవలేదు. మొక్కై వంగనిది మానై వంగునా?

లత: ముందుగా ఎదురొచ్చి ఒళ్లోకి ఎక్కినదాన్నే తెచ్చుకోండి.

వేణు: లత గారూ, అప్పుడే నిద్ర లేచిన పిల్ల, పాలు తాగిన పిల్ల ఒకేలా ప్రవర్తించవు కనుక వేర్వేరు వేళల్లో వెళ్లి చూడాలి. రామారావు గారూ, స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల మనుషులకు, సాటి కుక్కలకు తేలికగా అలవాటుపడుతుంది. ఎనిమిది వారాలకు తెచ్చినా కుక్కర్ కూత, లిఫ్టు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, అన్నీ అలవాటు చేయడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

రామారావు: ఆ వ్యవధి మాట నమ్మే, టీకాలు పూర్తికాని మా రెండో పిల్లను ఒక శిక్షకుడి సలహాపై పార్కులో తిప్పాము. పార్వో అనే వైరస్ జబ్బు సోకి చనిపోయింది. దానికి మీ శాస్త్రవేత్తలు ఏమి జవాబు చెబుతారు?

సుభద్ర: టీకాల వరుస 16 వారాల దాకా సాగుతుంది. అప్పటివరకు గదిలోనే ఉంచితే వేణు గారు చెప్పిన కాలం దాటిపోతుంది కదా.

వేణు: పార్కు నేల మీద దించమని నేనెక్కడా అనలేదు. చేతుల్లో ఎత్తుకుని వీధి చూపించవచ్చు, టీకాలు పూర్తయిన కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్లవచ్చు. చదవకుండానే కోప్పడుతున్నారు.

రామారావు: చదివాను. అసలు వచ్చినవారికల్లా తోక ఊపే కుక్క ఎందుకండీ? కొత్తవాణ్ణి చూస్తే మొరగాలి, దాన్ని చూసి వాడు జంకాలి.

వేణు: ఇంతసేపూ మనం వాదించుకున్నది వయసు గురించి కాదన్నమాట. మీకు కావలసింది పెరటికి కాపలా, శ్రీనిధి గారికి కావలసింది పిల్లలతో కలిసి ఉండే కుక్క. పైగా భయంతో మొరిగే కుక్క ఇంటికి వచ్చిన చుట్టాన్ని కూడా కరవవచ్చు.

శ్రీనిధి: తల్లిని చూపించమని అడిగితే, అది వేరే ఊళ్లో ఉందని అమ్మకందారు అంటున్నాడు.

వేణు: అయితే అక్కడ కొనకండి.

రామారావు: తల్లిని చూపించనివాడి దగ్గర నేనూ కొనను. కాపలా విషయంలో మాత్రం వేణు గారితో ఏకీభవించను.