గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకే డెస్క్‌టాప్ ఆగిపోతోంది, కొత్తగా 650 వాట్ల పవర్ సప్లై కొంటే సరిపోతుందా?

నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. గేమ్ ఆడుతుంటే 10, 15 నిమిషాలకి కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, హ్యాంగ్ అవదు, ప్లగ్ పీకేసినట్టే పోతుంది. వెంటనే పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, వెనక స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగితేనే మళ్ళీ ఆన్ అవుతుంది. బ్రౌజింగ్, వీడియోలు రోజంతా నడిచినా ఏమీ కాదు.

ప్రాసెసర్ 65 వాట్లది, గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లది, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్. ఇప్పుడున్న పవర్ సప్లై 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ ఎఫిషియెన్సీ రేటింగ్‌ది, కొని ఆరేళ్ళు దాటింది. కార్డు మాత్రం పోయిన నెలలోనే మార్చాను.

ర్యామ్‌ని రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే మెమరీ టెస్టింగ్ టూల్‌లో పెట్టాను, ఒక్క ఎర్రర్ లేదు. ఆగిపోయే ముందు ప్రాసెసర్ 68, కార్డు 74 డిగ్రీలే ఉన్నాయి కాబట్టి వేడి కారణం కాదనుకుంటున్నా. డ్రైవర్లు మళ్ళీ వేశాను, వేరే సాకెట్‌లో పెట్టి చూశాను, కార్డుకి ఒకే కేబుల్ రెండు కొనల బదులు రెండు విడి కేబుళ్ళు ఇచ్చాను, అయినా అంతే. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 ఎర్రర్ తప్ప ఇంకేం లేదు, అది కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్తుంది కానీ ఎందుకో చెప్పదు కదా. కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గిస్తే మాత్రం రెండు గంటలు ఆడినా ఆగలేదు! అందుకే లోడ్ ఒక్కసారి ఎగిసినప్పుడు పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ ఆపేస్తోందని నా నమ్మకం.

కొత్తది తీసుకోవడానికి సిద్ధమే. ఇలాంటి కార్డు వాడుతున్నవాళ్ళు చెప్పండి, ఆ స్పైకులకి మంచి 650 వాట్లది చాలా, లేక 750కి వెళ్ళాల్సిందేనా?