చీము పట్టిన పాలపన్ను: వచ్చిన రోజే తీయాలా, మందులిచ్చి పంపాలా? (మారుపేర్లతో దంతవైద్యుల చర్చ)

ఓపీచీటీ: పేదలు ఎక్కువగా వచ్చే ప్రభుత్వ క్లినిక్. అయిదేళ్ల బిడ్డ, కింది దవడపన్ను పక్కన చిగురు మీద చీముగడ్డ, జ్వరం లేదు. ఇలాంటప్పుడు చాలాచోట్ల అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాసి "వాపు తగ్గాక రండి" అంటారు. ఇది సరైనదేనా?

కోరపన్ను: కాదు. చచ్చిన పంటి లోపలికి రక్తమే పారనప్పుడు మింగిన మందు అక్కడికెలా చేరుతుంది? చీముకు దారి చూపాలి. నొప్పి తగ్గితే కూలి పోగొట్టుకుని మళ్లీ ఎవరూ రారు, వచ్చేసరికి చెంప వాచి ఉంటుంది. జ్వరమో, పాకుతున్న వాపో ఉంటేనే యాంటీబయాటిక్, అదీ పన్ను తీయడంతో పాటే. కన్ను మూసుకుపోతున్నా, నాలుక కింద గట్టిపడినా, మింగలేక చొంగ కారుస్తున్నా ఇక్కడ ఏదీ మొదలుపెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

దవడపన్ను: చెప్పడం తేలికే. చీమున్న చోట మత్తు సరిగా పట్టదు. అరకొర మత్తులో లాగితే ఆ బిడ్డ ఇంకెప్పుడూ కుర్చీ ఎక్కదు. పైగా అది రెండో పాల దవడపన్నైతే, ఆరేళ్లకు వెనక మొలిచే శాశ్వత దంతం ముందుకు జరిగి ఆ చోటు కబ్జా చేస్తుంది. ఆ ఖాళీని నిలిపి ఉంచే స్పేస్ మెయింటెయినర్ పెట్టే వసతి ఇలాంటి చోట ఎక్కడుంది?

కోరపన్ను: సూది గడ్డలోకే గుచ్చితే పట్టదు మరి. కింది దవడకు వెనక నరం దగ్గర బ్లాక్ (ఆ నరాన్నే మొద్దుబార్చే సూది) వేయాలి, మందు మెల్లగా ఎక్కించి అయిదు నిమిషాలు ఆగాలి. ముందు బరువు తూచాలి (ఇదే ఎవరూ చేయరు). అడ్రినలిన్ కలిసిన 2 శాతం లిగ్నోకైన్ మత్తుమందు (మి.లీ.లో 20 మి.గ్రా.) కిలోకు 4.4 మి.గ్రా. దాటకూడదు. 15 కిలోల బిడ్డకు 66 మి.గ్రా., అంటే 3.3 మి.లీ. 1.8 మి.లీ. కాట్రిడ్జ్‌లు రెండూ పూర్తిగా ఎక్కిస్తే మోతాదు దాటినట్టే. మత్తు వదిలేదాకా తిండి పెట్టొద్దని తల్లికి చెప్పకపోతే పెదవి కొరుక్కుని పుండుతో తిరిగొస్తారు. పిల్ల అసలు సహకరించకపోతే మెత్తబడిన గడ్డను కోసి చీమన్నా వదలండి.

జ్ఞానదంతం: నొప్పిమందు సంగతీ చూడండి. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున అదే బిడ్డకు 225 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. మొదటిదైతే 9.4 మి.లీ., రెండోదైతే 4.5 మి.లీ. చీటీలో ఏ సీసానో రాయకుండా "రెండు చెంచాలు" (10 మి.లీ.) అంటే మొదటి సీసాతో దాదాపు సరిపోతుంది, రెండోదానితో రెట్టింపు దాటుతుంది.

దవడపన్ను: మొదటి పాల దవడపన్నుకైతే ఒప్పుకుంటా, తీసేయండి. రెండోదానికి మాత్రం ఎక్స్‌రేలో వేర్లు నిలిచి ఉంటే ఆ రోజు పన్ను తెరిచి చీము వదిలి, పల్పెక్టమీకి (పంటి లోపలి చచ్చిన నరాన్ని తీసి వేర్లను నింపడానికి) తేదీ ఇవ్వాలి.

కోరపన్ను: ఆ తేదీకి వస్తారన్న నమ్మకం ఉన్నచోట సరే.