పెట్రోల్ జనరేటర్ పోర్టికోలో నడపొచ్చా? వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి

మడిపాక్కం నివాసి:

అందరికీ నమస్కారం. మాది చెన్నై మడిపాక్కంలో సొంత ఇల్లు, కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే గానీ అంతకుముందే మమ్మల్ని ఇక్కడ ముంచేసింది. మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు, ఇన్వర్టర్ మొదటి రాత్రికే ఆగిపోయింది. నాన్నకు 76 ఏళ్లు, రోజూ రాత్రి నెబ్యులైజర్ పెట్టాలి. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో మాకే తెలుసు. అందుకే ఆ తర్వాత 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

పోయిన అక్టోబర్‌లో తడవకుండా ఉంటుందని దాన్ని పోర్టికోలో పెట్టి రెండు గంటలు నడిపాను. మూడు వైపులా గోడ, ముందు గ్రిల్ గేటు. అమ్మ హాల్లో పడుకుంది, కిటికీ తెరిచే ఉంది. లేచేసరికి తల పగిలిపోతోంది, వాంతి వచ్చేలా ఉంది అంది. తిన్నది పడలేదనుకున్నాం. ఆక్సీమీటర్ పెడితే 98 చూపించింది, సరేలే అని ఊరుకున్నాం. కరెంటు వచ్చి జనరేటర్ ఆపాక సాయంత్రానికి తగ్గిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే అది జనరేటర్ వల్లేనేమో అని భయంగా ఉంది. ఫ్యాన్ పెట్టి పోర్టికోలోనే నడపొచ్చా?

ఇంకో సంగతి. మా వీధి చివర ఎలక్ట్రీషియన్ రెండు చివర్లా పిన్నులున్న వైరు ఒకటి చేసిచ్చాడు, దాన్ని వాషింగ్ మెషీన్ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా కరెంటు వస్తుందన్నాడు. ఇంకా వాడలేదు. పైగా ఇప్పుడు జనరేటర్ ఎంత తాడు లాగినా స్టార్ట్ కావట్లేదు. ట్యాంకులో పోయిన ఏడాది పెట్రోలే ఉంది, ఇంకో పది లీటర్లు ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి రెండూ మెట్ల కింద పెట్టాను. తెలిసినవాళ్లు చెప్పండి.

నైట్ డ్యూటీ నర్సు:

ముందు అమ్మగారి సంగతి. మీ భయం నిజమే అనిపిస్తోందండీ. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, జ్వరం ఉండదు, మంచి గాలి తగిలితే తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కితే ఇలాగే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ కనిపించట్లేదు కాబట్టి పర్లేదు అనుకోవడానికి వీల్లేదు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే గాలిలో కొంచెం ఉన్నా గంటల్లో ఒంట్లో పేరుకుపోతుంది.

ఆక్సీమీటర్ 98 చూపించింది అన్నారు చూడండి, నాకు అదే అన్నిటికంటే భయం వేసింది. వేలికి పెట్టే ఆ మెషీన్‌కి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ ఈ గ్యాస్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ తేడా తెలియదు, రెండూ ఒకటే అనుకుని మంచి నంబరే చూపిస్తుంది. కోవిడ్ టైమ్‌లో అందరం కొని దాన్నే నమ్మడం అలవాటు చేసుకున్నాం. దీన్ని కనిపెట్టాలంటే హాస్పిటల్లో ప్రత్యేకంగా ఆ రక్తపరీక్షే చెయ్యాలి. ఇంకెప్పుడైనా ఎవరికైనా అలా అనిపిస్తే ఇంట్లో అందరినీ, పైనున్నవాళ్లతో సహా, బయటికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యండి. డాక్టర్‌తో జనరేటర్ నడిచిందని తప్పకుండా చెప్పండి, ఆ మాట చెప్పకపోతే వాళ్లూ గ్యాస్ట్రిక్ అనుకోవచ్చు. నిద్రలో ఉన్నవాళ్లయితే మెలకువ రాకుండానే స్పృహ తప్పిపోతారు, మీ నాన్నగారికి ఊపిరి ఇబ్బంది ముందే ఉంది.

పోర్టికో వద్దు, బాల్కనీ వద్దు, మెట్ల దగ్గర వద్దు. ఫ్యాన్ పెట్టినా కిటికీలన్నీ తెరిచినా చాలదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి మీ కిటికీల వైపూ పక్కింటి కిటికీల వైపూ లేకుండా పెట్టాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడుకునే గది దగ్గర ఒకటి పెట్టుకోండి.

పాత లైన్‌మ్యాన్:

బాబూ, నేను ఈబీలో, అంటే కరెంటు బోర్డులో, 31 ఏళ్లు స్తంభాలెక్కి రిటైర్ అయినవాణ్ణి. ఆ రెండు పిన్నుల వైరుని ఇవాళే ముక్కలుగా కోసి పారెయ్యండి, అలమరలో దాస్తే రేపు అవసరానికి ఎవరో ఒకరు తీసి వాడతారు. ఒక చివర గుచ్చి ఉండగా రెండో చివర పిన్నులు బయటికి ఉంటాయి, వాటిలో 230 వోల్టులుంటాయి, చెయ్యి తగిలితే అంతే. అది మీ ఇంటి వరకు. మెయిన్ ఆఫ్ చెయ్యడం మర్చిపోతే మీ కరెంటు మీటర్ దాటి వీధి లైన్‌లోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కితే అక్కడ 11,000 వోల్టులవుతుంది. ఇటువైపు లైన్ ఆఫ్ చేశామని నమ్మి మావాడు అటువైపు తెగిన తీగ పట్టుకుని ఉంటాడు. టెస్ట్ చేసి ఎర్త్ తగిలించాకే ముట్టుకోవాలని మాకు నేర్పుతారు, నిజమే. కానీ మోకాలి లోతు నీళ్లలో అర్ధరాత్రి పదో ఫాల్ట్ చూస్తున్నప్పుడు ఒక్కసారి మర్చిపోతే చాలు. ఇంకో మాట, జనరేటర్ నడుస్తుండగా కరెంటు వస్తే మీ మెషీన్ కూడా కాలిపోతుంది.

ఇల్లంతా కావాలంటే చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించండి, అంటే ఇంటికి వీధి కరెంటో జనరేటరో ఏదో ఒకటే తగిలేలా చేసేది, ఫేజూ న్యూట్రలూ రెండూ మార్చే రకం, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, ఎర్తింగ్ కూడా చూపించి. అంత ఖర్చు వద్దనుకుంటే ఫ్రిజ్, లైట్లు నేరుగా ఎక్స్‌టెన్షన్ వైరుతో నడుపుకోండి. వైరు మూడు కోర్లది, 2.5 స్క్వేర్ ఎంఎం, చుట్ట మొత్తం విప్పి వాడాలి, చుట్టగా ఉంటే వేడెక్కి కరుగుతుంది.

అంబత్తూరు మెకానిక్:

అన్నా, స్టార్ట్ కాకపోవడానికి కారణం ఆ పాత పెట్రోలే అయి ఉంటుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమ లాగేస్తుంది, మన చెన్నై ఉప్పగాలికి చెప్పక్కర్లేదు. కొన్ని నెలలకి కార్బ్యురేటర్‌లో బంకలా పట్టి జెట్, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, మూసుకుపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్ క్లీన్ చేయించి, కొత్త పెట్రోల్ పొయ్యండి. ఇంజిన్ ఆయిల్, ప్లగ్ కూడా చూపించండి.

వానలయ్యాక మళ్లీ పెట్టేసేటప్పుడు ట్యాంకులో పెట్రోల్ తీసేసి, మిగిలిందంతా కాలి దానంతటదే ఆగేదాకా నడపాలి, కార్బ్యురేటర్ కింది గిన్నె (బౌల్) స్క్రూ వదులు చేసి మిగతాదీ దించాలి. ప్లగ్ విప్పి స్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించి, మళ్లీ తాడు లాగుతూ గట్టిగా పట్టేసిన చోట ఆపెయ్యాలి. అక్కడ వాల్వులు మూసుకుంటాయి, లోపలికి తేమ పోదు.

ఆ ప్లాస్టిక్ క్యాన్ మాత్రం ఇవాళే మెట్ల కింద నుంచి తీసెయ్యండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ వంటింటి స్టవ్ దాకా, దీపం దాకా పోతుంది. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం సొంతానికి లైసెన్స్ లేకుండా 30 లీటర్లకు మించకూడదు, అదీ గట్టి మూత ఉన్న డబ్బాలో, రేకు డబ్బా అయితే ఒక్కోటి 25 లీటర్లలోపు. మీకు ఐదు లీటర్లు చాలు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తెచ్చుకోండి, ఇంటి బయట నీడలో పెట్టండి. నడుస్తుండగా, ఆపిన వెంటనే పెట్రోల్ పొయ్యొద్దు, కనీసం పావుగంట చల్లారనివ్వాలి, అంచుదాకా నింపొద్దు.

మడిపాక్కం నివాసి:

చాలా థాంక్స్. వైరు కోసేశాను, క్యాన్ బయట పెట్టాను. అమ్మకి చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి చుట్టూ కొలిచాను, పక్కన సందు నాలుగడుగులే, గేటు బయట పెడదామంటే వీధిలో నీళ్లు నిలుస్తాయి. టెర్రస్ వెనక మూల నుంచి మెట్ల గది తలుపుకి 24 అడుగులొచ్చింది. అక్కడ పెడితే వానకి ఎలా?

అంబత్తూరు మెకానిక్:

దగ్గర్లో ఎవరి కిటికీలూ లేకపోతే ఆ మూల బాగానే ఉంటుంది, మెట్ల తలుపు మూసే ఉంచండి. నాలుగు కాళ్ల మీద రేకు వేయించండి, మెషీన్‌కీ రేకుకీ మధ్య మూడడుగులైనా ఖాళీ, నాలుగు వైపులా తెరిచి. టార్పాలిన్ చుట్టి మాత్రం నడపొద్దు. కింద ఇటుకలు పేర్చి సమంగా పెట్టండి, వాలుగా ఉంటే ఆయిల్ సరిగా అందదు. ఏటవాలు వాన కొడుతుంటే ఆపెయ్యండి.

ఇంకోటి, రాత్రంతా నడపక్కర్లేదు అన్నా. పగలు మీరు మెలకువగా ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలు నడిపి ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ చేసుకోండి, ఫ్రిజ్ కూడా అప్పుడే. నీళ్ల మోటర్ వెయ్యాలంటే మిగతావన్నీ తీసెయ్యండి, స్టార్టింగ్‌లో మూడు నాలుగు రెట్లు లాగుతుంది, ఒక హెచ్‌పీ మోటర్ అయితే మీ మెషీన్ లాగలేకపోవచ్చు. రాత్రి నాన్నగారి నెబ్యులైజర్ ఇన్వర్టర్ మీదే పెట్టండి. చాలా ఇన్వర్టర్లు జనరేటర్ కరెంటుని తీసుకోవు, వెనకాల స్విచ్ యూపీఎస్ మోడ్ నుంచి ఇకో మోడ్‌కి మారిస్తే తీసుకుంటాయి. కార్బ్యురేటర్ క్లీన్ అయ్యాక ఒకసారి అలా పెట్టి చూసి చెప్పండి.